పాముల గుంట గోడ దగ్గర

నా చిన్నప్పుడు, వేసవి సెలవుల్లో మద్రాసు చూపిస్తానని మా చిన్నాయన రెండేళ్ళు ఊరించి, మూడో ఏడు నిజంగానే తీసుకుపోయాడు. అప్పుడు నాకు పదేళ్ళు. మాది తిరువాలంగాడు స్టేషనుకు మైలు దూరంలో ఒక పల్లె. అమ్మా నాయనా చేను పనుల్లో ఉన్నారు కాబట్టి, నాకు తోడుగా మా అవ్వ బయలుదేరింది.

చిన్నాయన ఆవడిలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉద్యోగం వచ్చాక ఆయన నోటికి రెండు అలవాట్లు అంటుకున్నాయి. ఒకటి, మాతో కూడా సగం అరవంలో మాట్లాడడం. రెండోది తాంబూలం. ఎప్పుడు చూసినా బుగ్గ ఉబ్బి ఉండేది, పెదవుల మూలల్లో ఎర్రటి చార ఎండి ఉండేది. ఆయన నన్ను ఎత్తుకుంటే ఆ వాసనకు నేను ముఖం తిప్పుకునేదాన్ని. అయినా మా ఇంట్లో చదువుకుని జీతం తెచ్చే మనిషి ఆయన ఒక్కడే. ఆయన ఎక్కడ ఉమ్మినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

పొద్దున్నే రైలెక్కి మద్రాసులో దిగాం. మొదట ఎగ్మూరు మ్యూజియానికి పోయాం. గది పొడవునా పరచి పెట్టిన తిమింగలం ఎముకలు చూసి నేను కదలలేకపోయాను. అవ్వ మాత్రం సీసాల్లో ఊరబెట్టిన జీవాలను చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "సచ్చినవాట్ని చూసేదానికా ఇంత దూరం తెచ్చినావు?" అంది. "అయితే బతికినవే చూపిస్తా రా" అని నవ్వి, చిన్నాయన మమ్మల్ని బస్సెక్కించి గిండీ దగ్గర పాములను చూపించే తోటకు తీసుకుపోయాడు.

అక్కడ ఒక గుంట, దాని చుట్టూ నడుము ఎత్తు గోడ. గోడ పొడవునా జనం. నేను అవ్వ చేతికింద నుంచి దూరి ముందుకు పోయి లోపలికి చూశాను. కింద ఒక మనిషి కుండలోంచి పామును తీస్తున్నాడు. ఆ మనిషిని చూడగానే నాకు పాము కంటే ఆయనే ఎక్కువ జుగుప్స కలిగించాడు. ఎందుకంటే ఆయన నాకు తెలుసు.

కోతలు అయ్యాక మా చేలగట్ల మీద ఎలుకలు పట్టే ఇరుళాయన అతడు. ఎలుకలు, పాములు పట్టి బతికే అడవి తెగ వాళ్ళది. చిల్లు కుండలో గడ్డి కాల్చి బొరియలోకి పొగ ఊదేవాడు, తర్వాత చెయ్యి లోపలికి దూర్చి ఎలుకలను ఒక్కొక్కటిగా బయటికి లాగేవాడు. వాటిని వాళ్ళు వండుకు తింటారని నాకు తెలిసిన రోజు నేను అన్నం ముట్టలేదు. ఆయన నడిచిన గట్టు మీద కాలు పెట్టేదాన్ని కాదు. మా అవ్వయితే ఆయన వాకిట్లో నిలబడి పోయాక ఆ చోట చెంబుడు నీళ్ళు చల్లేది. రెండేళ్ళుగా ఆయన మా చేలవైపు రాలేదు. ఎటు పోయాడని మేమూ అడగలేదు.

ఇప్పుడు గుంటలో ఖాకీ నిక్కరు వేసుకుని, నాగుపాము ఎదురుగా గొంతుక్కూర్చుని ఉన్నాడు. పాము పడగ విప్పి ఆయన మోకాలి ఎత్తున నిలబడింది. ఆయన ఎడమ చేతిని మెల్లగా అటూ ఇటూ ఊపుతూ, దాని మీదనుంచి చూపు తిప్పకుండా, "బయపడాదీంగ, అదుక్కుదాన్ బయం" అని పైకి చెబుతున్నాడు. భయపడకండి, భయమంతా దానికే అని. ప్యాంట్లు వేసుకుని వాచీలు పెట్టుకున్న పెద్దమనుషులు నోరు మెదపకుండా వింటున్నారు.

అప్పుడే మా చిన్నాయన గోడ మీదికి వంగి ఉమ్మాడు.

కావాలనే ఉమ్మాడో, అలవాటుగా ఉమ్మాడో ఈనాటికీ చెప్పలేను. ఆ ఎర్రటి ఉమ్ము, అందులో నలిగిన ఆకు ముక్కలతో సహా, ఆ మనిషి భుజం మీద పడి మోచేతిదాకా జారింది. పాము ఆ కదలికకు బుస్సుమని ముందుకు వంగింది. ఆయన కదల్లేదు. తుడుచుకోలేదు, తలెత్తి చూడలేదు. చేతి మీద తీగలా సాగుతున్న ఆ ఉమ్మును అలాగే ఉండనిచ్చి, పాము మళ్ళీ నిటారుగా అయ్యేవరకు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఎలుకల బొరియ దగ్గర కూడా నాకు అంత రోత పుట్టలేదు.

పామును కుండలో పెట్టి మూతికి గుడ్డ కట్టాకనే ఆయన పైకి చూశాడు. మమ్మల్ని గుర్తుపట్టాడు. ముఖం విప్పారింది.

"పెద్దమ్మా, మీరా? బాగుండారా?" అన్నాడు, మా తెలుగులో.

చిన్నాయన వేరేవైపు చూస్తున్నాడు. అవ్వ మాత్రం గోడ పట్టుకుని, "పైకి రా నాయనా" అంది.

ఆయన మెట్లెక్కి వచ్చాడు. పక్కన కొళాయి ఉంది. అవ్వ తన కొంగు కొస తడిపి, ఆ మనిషి చేతిని మోచేతి నుంచి భుజందాకా తుడిచింది. వాకిట్లో నీళ్ళు చల్లే మా అవ్వ. ఆయన వెనక్కి జరుగుతూ, "వద్దు పెద్దమ్మా, నేను కడుక్కుంటా" అంటున్నా వదల్లేదు. తుడవడం అయ్యాక కొడుకు వైపు తిరిగింది.

"నోట్లో ఇంకా ఉండాదా?"

చిన్నాయన తల ఊపాడు.

"మింగు."

"యేందిమా నువ్వు, అందురూ చూస్తా ఉంటే..."

"అందురూ చూస్తా ఉంటేనే కదా ఉమ్మినావు. నీ నోట్లోది నువ్వు మింగను నీకు అసయ్యంగా ఉందే, ఒకరి మింద ఉమ్మను ఎట్ల బుద్ధి పుట్టిందిరా? మింగు."

గొంతు పెంచలేదు. చిన్నాయన కళ్ళలో నీళ్ళు తిరిగేలా గుటక వేశాడు.

ఆ ఇబ్బందంతా తనవల్లే వచ్చిందన్నట్టు ఇరుళాయన నేల చూపులు చూశాడు. "పోనీ పెద్దమ్మా, తెలీక పడింటాది" అన్నాడు. మాట మార్చడానికో ఏమో, గోనెసంచిలోంచి పొట్టిగా మట్టిరంగులో ఉన్న పామును తీశాడు. "ఇది కరవదు పాపా. తాకి చూస్తావా?"

నేను అవ్వ వైపు చూశాను. ఆమె తల ఊపింది. పాము అంటే జిగటగా, చీమిడిలా ఉంటుందని నేను అనుకునేదాన్ని. కళ్ళు మూసుకుని రెండు వేళ్ళు ఆనించాను. పొడిగా ఉంది. తోమి ఆరబెట్టిన గిన్నెలా శుభ్రంగా, నున్నగా ఉంది. కళ్ళు తెరిచి మళ్ళీ నిమిరాను. ఆయన నవ్వాడు.

"రోజూ దుమ్ములోనే దేకుతాది. అయినా ఒంటికి ఏదీ అంటించుకోదు చూడు" అన్నాడు.

అంతలో చిన్నాయన నా రెక్క పట్టి లాగాడు. "చాల్లే. పో, చెయ్యి కడుక్కో."

నేను వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. కొళాయి తిప్పి, పామును తాకిన రెండు వేళ్ళే కాదు, మోచేతులదాకా కడుక్కున్నాను. కింద ఉన్న ఇసుక తీసుకుని రుద్దాను కూడా. వెనక్కి తిరిగేసరికి ఆయన పామును సంచిలో పెట్టి, మూతి ముడి వేస్తున్నాడు. నా వైపు చూడలేదు. ఆ ముడికి అంతసేపు పట్టదని నాకు తెలుసు.

ఆ సాయంత్రం బీచికి కూడా పోయాం. చిన్నాయన ఎప్పటిలాగే జోకులు వేశాడు, పొట్లంలో ఉడికించిన సెనగల సుండలు కొనిచ్చాడు. నేను తినలేకపోయాను. ఆయన పక్కన నడవడానికి కూడా మనసు రాలేదు. అలలు వచ్చి కాళ్ళు కడుగుతుంటే అందరూ కేరింతలు కొడుతున్నారు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

ఇంటికి చేరాక అవ్వ ఆ చీర విప్పి, బావి దగ్గర విడిగా ఉతకసాగింది. నాకు తెలిసిపోయిందనుకున్నాను. "ఆయన్ని ముట్టుకున్నందుకా అవ్వా?" అని అడిగాను.

"కాదు. మీ చిన్నాయన ఎంగిలి అంటింది దీనికి" అంది, తల ఎత్తకుండా.

అది పూర్తి నిజమో సగం నిజమో నాకు తెలియదు. ఆ తర్వాత కూడా అవ్వ వాకిట్లో నీళ్ళు చల్లడం మానలేదు. ఒక్క మధ్యాహ్నంలో మనిషి మారిపోతాడని నేను నమ్మను. కానీ ఆ ఒక్క మధ్యాహ్నం, అసహ్యించుకోవాల్సింది దేన్నో ఆమెకు స్పష్టంగా కనిపించింది. అది చాలామందికి జన్మంతా కనిపించదు.

ఆ మనిషిని మళ్ళీ చూడలేదు. చిన్నాయన తాంబూలాన్ని అసహ్యించుకోవడం నాకు ఎప్పుడూ తేలికే. నా సంగతి అర్థం కావడానికే ఏళ్ళు పట్టింది. చిన్నాయన ఉమ్ముతో చేసిన పనినే ఆ రోజు నేను కొళాయి నీళ్ళతో చేశాను. నాకు ఎవరూ మింగమని చెప్పలేదు, అందుకే అది ఇంకా గొంతులోనే ఉంది. ఇప్పటికీ ఎవరినైనా చూసి ఒళ్ళు జలదరిస్తే, వాళ్ళను చూడడం ఆపి నా చేతులు చూసుకుంటాను.