గవ్వల వేలం

పదవీ విరమణకు ఆరేళ్ల ముందు, జూన్ నెలలో, విజయనగరంలో ఎడ్యుకేషన్ విభాగంలో పరిశోధనలకు గైడుగా నన్ను వేశారు. నా దగ్గర పిహెచ్‌డీకి చేరిన పార్వతి ఎంచుకున్న అంశం పిల్లల ఆట: దాని స్వభావం, దాని విలువ.

మత్స్యకారుల ఊరు భావనపాడులో ఒడ్డుకు పడవలు చేరాక పెద్దలు చేపల వేలం పాడతారు. ఆ పక్కనే పిల్లలు గవ్వలతో అదే వేలం ఆడతారు. పార్వతి కాస్త దూరంగా కూర్చుని రికార్డు చేసేది. నేను చూడ్డానికి వెళ్లిన రోజు, వ్యాపారిగా ఆడుతున్న పిల్ల ఒక గవ్వను వాసన చూసి, "ఒసే, నీ సేప కుళ్లిపోనాది. పిల్లి కూడా సూడదు" అంది.

"నీ మొకానికి ఇదే ఎక్కువ. కొంతావా, మానెత్తావా?" అంది అమ్మే పిల్ల.

పరిశోధన ప్రగతిని ఏటా సమీక్షించే కమిటీ ఉంటుంది. అందులోని సీనియర్ ప్రొఫెసర్ ఒకాయన, ఆట వల్ల లెక్కలు మెరుగవుతాయని చూపాలన్నారు. వేలం బాగా పాడిన పిల్లలకు బహుమతి పెడితే కొలవడం సులువన్నారు. కమిటీ మాట కాదనలేక పార్వతి చాక్లెట్లు పట్టుకెళ్లింది. కొద్ది రోజుల్లోనే వెక్కిరింతలు పోయి తగవులు మొదలయ్యాయి. చాక్లెట్లు మానేస్తే వ్యాపారిగా ఆడిన ఆ పిల్లే నిలదీసింది: "ఈయేళ ఏటిత్తావక్కా? ఏటీ నేకపోతే నానెందుకాడాల?"

గడువు దగ్గరపడింది. చాక్లెట్లు ఇచ్చాక చెడిన ఆటల రికార్డింగులు వదిలేసి మిగిలినవాటితో సిద్ధాంతవ్యాసం ఇచ్చేయమని, లేకుంటే రిజిస్ట్రేషన్ రద్దవుతుందని ప్రొఫెసర్ హెచ్చరించారు.

"అవి తీసెయ్యనండి సార్. మనమే ఆట సెడగొట్టినాం. అదే రాత్తాను. డిగ్రీ రాకపోతే మానె" అంది పార్వతి నాతో.

నేను క్రైస్తవ సంఘంలో బైబిలు వాక్యం వింటూ పెరిగినవాణ్ణి. విశ్రాంతి దినం ఉన్నది మర్నాటి పనికి బలం పుంజుకోవడానికి కాదు; దేవుడు ఆ దినాన్నే పరిశుద్ధం చేశాడు. ఆటనూ ఆయన అలాగే ఇచ్చాడని నా విశ్వాసం. కమిటీ ముందు విశ్వాసం రుజువు కాదు. అందుకని గడువు పొడిగింపు దరఖాస్తుతో వెళ్లి, బహుమతికి ముందరి రికార్డింగు, తర్వాతిది, రెండూ వినిపించాను. మొదటిదానికి ప్రొఫెసర్ నవ్వారు. రెండోది పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు. బహుమతి షరతు కమిటీదేనని వ్యాసంలో స్పష్టంగా రాయమని చెప్పి, పొడిగింపుపై సంతకం చేశారు.

పార్వతి వర్షాకాలమంతా వట్టి చేతులతో ఒడ్డున కూర్చుంది. చలి మొదలయ్యాక పిల్లలు ఆమెను పట్టించుకోవడం మానేసి మళ్లీ ఆడారు. వ్యాసం ఆమోదం పొందింది.

కూలి ఇస్తే ఆట పని అవుతుంది. ఆటను అధ్యయనం చేసేవారు మొదట నేర్వవలసింది ఏమీ ఇవ్వకుండా, ఏమీ అడగకుండా కూర్చోవడం.