గరాజ్‌లో పురుడు

రిటైర్ అయ్యే ముందు ఆఖరి చలికాలం. అరోరా అనే ఊళ్లో ఒక చిన్న క్లినిక్‌లో సీనియర్ వెటర్నరీ డాక్టర్‌గా చేస్తున్నానప్పుడు. అక్కడ మంచు మొదలైతే మధ్యాహ్నాలు కూడా కునుకు తీస్తున్నట్టే ఉంటాయి. అలాంటి ఒక మధ్యాహ్నం వసుంధర గారు శాలువాలో చుట్టి ఒక బూడిదరంగు పిల్లిని తెచ్చారు. ఆవిడ పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్లిపోయాక, ఇంటి వెనక చెక్క డెక్ మీదికి దానంతటదే వచ్చి చేరిందట. పేరు చిట్టి.

చూలు పిల్లి కడుపు చూడటానికి ఒక పద్ధతుంది. వేళ్లతో పొడవకూడదు. అరచెయ్యి ఆనించి ఊరుకోవాలి. కాసేపటికి లోపల పిల్లలు మెల్లగా దొర్లుతాయి. చిట్టి కడుపులోనూ దొర్లాయి. ఆ మెత్తటి కదలికలో పడి కాసేపు నేనెక్కడున్నానో మరిచిపోయాను. చెయ్యి పైకి జరిపేసరికి మాత్రం వెన్నుపూసలు గుచ్చుకున్నాయి. తల్లి తన కండ కరిగించి పిల్లల్ని పోషిస్తోంది.

ఏం పెడుతున్నారని అడిగాను.

"పెరుగన్నమండీ. కడుపుతో ఉంది కదా అని నెయ్యి కాస్త ఎక్కువే వేస్తున్నా" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "పిల్లి చేత నోము పట్టిస్తున్నారా అమ్మా? దానికి మాంసం పడాలి. ఇలాగైతే పురిటికి ఓపికుండదు. తల్లీ దక్కదు, పిల్లలూ దక్కవు" అనేశాను.

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లింట్లోకి కోడిగుడ్డు కూడా రాదట. పోనీ దిక్కులేని జంతువుల్ని చూసే షెల్టర్‌లో ఇప్పించనా అంటే, పిల్లిని గుండెకి హత్తుకుని, "అయ్యో, నా చిట్టిని ఎవరికో ఇచ్చేస్తానా!" అన్నారు.

చూలు పిల్లికి మేం పిల్లికూనల మేతే రాస్తాం, అందులో బలం ఎక్కువ. ఆ మాంసం టిన్నులు చేతికిచ్చి, ఇంట్లో వద్దు, గరాజ్‌లో పెట్టమన్నాను. మర్నాడే ఫోన్ చేశారు. చిట్టి ముట్టుకోవట్లేదట.

క్లినిక్ నుంచి అటే వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల కారు బయట మంచులో ఉంది. గరాజ్‌లో హీటర్, పక్కన అట్టపెట్టెలో పాత నేతచీరలు పరిచి పురిటిపక్క. చిన్న కిటికీలోంచి తెల్లటి వెలుగు. బయట చప్పుడు లేకుండా మంచు రాలుతోంది. కలలో నడుస్తున్నట్టుంది నాకు. ఆవిడేమో ముక్కుకి చున్నీ బిగించి, ఇంత పొడుగు గరిటెతో అంత దూరం నుంచి మేత అందిస్తున్నారు! చిట్టి బెదిరి మూలకి నక్కింది.

నవ్వాపుకుని, గరిటె పక్కన పెట్టి వేలితో నాకించి చూడమన్నాను.

ఆవిడ చున్నీ విప్పి, కళ్లు మూసుకుని, వేలు టిన్నులో ముంచారు. చిట్టి వచ్చి వాసన చూసింది. నాకింది. మళ్లీ నాకింది.

"తింటోందండీ! అమ్మో, తింటోంది!"

పుట్టి బుద్ధెరిగాక ఆ చెయ్యి మాంసం ముట్టడం అదే మొదలు. నాకూ కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత పూటపూటా తినిపించడం, తలస్నానం చేసి వంటింట్లోకి వెళ్లడం. పురుడు దగ్గర పడ్డాక ఎక్స్-రే తీశాం. నాలుగు సన్నటి వెన్నెముకలు కనిపించాయి. చిట్టి ఆ గరాజ్‌లోనే ఈనింది; నాలుగూ బతికాయి, తల్లీ బతికింది. వసుంధర గారి వంటింట్లోకి మాత్రం ఈ రోజుకీ గుడ్డు రాలేదు.

ఉద్యోగంలో ఇంకా మిగిలిన ఆ కొద్ది నెలలూ, ఏ పిల్లికి మేత రాయాల్సొచ్చినా, అది పెట్టే చెయ్యి ఎవరిదో ముందు అడిగి, ఆ తర్వాతే రాశాను.