గాజులామె అడిగిన పొడుపు కథ

ఆమె పేరు మేమెవరం అడగలేదు. కంగ్టి దిక్కు నుంచి మా నారాయణఖేడ్‌కు వస్తుండె, అందరికీ గాజులామెనే. పిల్లల చెయ్యి పిసుకుతూ పొడుపు కథ అడిగేది. ఆలోచనల పడితే చెయ్యి మెత్తబడుతదని ఆమె లెక్క.

"మగ్గం లేదు, గుడ్డ నేసింది. ఎవరే?"

"సాలెపురుగు!" అని టక్కున చెప్పి చెయ్యి బిగబట్టిన. గాజు పటుక్కుమన్నది.

"ఇంకొకటి పగిలితే పండుగకు బోసి చేతులే నీకు," అన్నది అమ్మ.

గాజులామె నవ్వి మళ్లీ చెయ్యందుకున్నది. "పగలు మొలిచేది, ఎండకు తడిసేది, నవ్వితే రాలేది ఏంది?"

ఎంత ఆలోచించినా తట్టలేదు. ఓడిపోవుడంటే నాకు గిట్టదు. అయినా ఆఖరికి, "నువ్వే చెప్పు," అన్న.

"నాకేమెరుక బిడ్డా? చేతులు చూసుకో."

రెండు చేతులకూ నిండుగ గాజులున్నయి. ఎప్పుడు ఎక్కించిందో నాకు తెలియనే లేదు.