ఎర్ర చొక్కాల జట్టు, మా మామ

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను కలిగిరి నుంచి ఆత్మకూరు వచ్చే బస్సులో ఉన్నాను. "పొద్దున కాఫీ తాగినాడు అబ్బయా. మళ్లీ పోయి పిలిస్తే పలకలా," అంది. నాకు ముందుగా తోచింది ఒక్కటే: ఇక శనివారం ఆట ఎవరితో చూడాలి? మేనమామ పోయిన వేళ తోచాల్సిన మాట కాదు. కానీ అదే తోచింది.

మామ ఉదయగిరిలో డ్రిల్లు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక ఆత్మకూరులో మా వీధిలోనే ఇల్లు తీసుకున్నాడు. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో, ఇంగ్లాండులో ఆడే ఒక ఫుట్‌బాల్ క్లబ్బు మీద ఆయన కన్ను పడింది. ఎర్ర చొక్కాల వాళ్లు. ఆ రోజు చివర్లో ఓడిపోయి గడ్డి మీద కూలబడి ఉన్నారు. "గెలిచినోడి పక్కన ఊరంతా ఉంటాదిరా. ఈళ్ల పక్కన మనం ఉందాం," అన్నాడు. అప్పటికి నాకింకా మీసాలు రాలేదు. క్రికెట్ తప్ప మరో ఆట మాట ఎత్తని ఊళ్లలో ఆ జట్టుకు మేమిద్దరమే దిక్కు.

మొదట్లో ఆయన అభిమానం ఇంటిల్లిపాదికీ పరీక్షే. జట్టు ఓడితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. "వాళ్లెవరో ఓడిపోతే నా చారేం పాపం చేసింది?" అని అత్త గొణిగేది. పోటీ జట్టుది నీలం చొక్కా కాబట్టి ఇంట్లోకి నీలం చీర రానిచ్చేవాడు కాదు. మా గోల్‌కీపరుకు మోకాలు దెబ్బతిన్న వారం, చర్చిలో ప్రార్థన విన్నపాలు చెప్పే సమయానికి మామ లేచి నిలబడ్డాడు. "కాలు దెబ్బతిన్న ఒక సహోదరుడి కోసం ప్రార్థన చేయండి," అన్నాడు. ఏ ఊరని పాస్టరుగారు అడిగితే "చానా దూరం అయ్యగారూ" అని కూర్చున్నాడు. సంఘమంతా ఆమెన్ అంది. తర్వాతి ఆదివారం ఒక అవ్వ ఆయన చెయ్యి పట్టుకుని "ఆ బిడ్డ కాలు ఎట్టుండాది నాయనా?" అని అడిగింది. "నడస్తా ఉండాడవ్వా, ఇంకా పరిగెత్తలా," అన్నాడు మామ, ఏ మాత్రం నవ్వకుండా. నేను మాత్రం పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

తర్వాత తర్వాత ఆ వేడి తగ్గింది. క్లబ్బును ఎవరో డబ్బున్నవాళ్లు కొన్నారు. ఏడాదికో కొత్త ఆటగాడు వచ్చి పోతున్నాడు. "ఇప్పుడు పేర్లు గుర్తుండవు అబ్బయా. చొక్కాను బట్టి చూస్తా ఉండాను," అనేవాడు. ఓడినా అన్నం తినేవాడు. ఒకసారి పోటీ జట్టు కుర్రాడు పెనాల్టీ కిక్కును గోలు బయటికి తన్నేస్తే నేను ఎగిరి గంతేశాను. మామ మాత్రం ఆ కుర్రాడి మొహమే చూస్తూ, "వాళ్లమ్మ కూడా చూస్తా ఉంటాదిరా," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మామ పక్కన కూర్చునే ఉన్నా నేను ఒంటరినయ్యాననిపించింది. ఆయనకు వయసు మీద పడి ఆట మీద ప్రేమ చచ్చిపోయిందనుకున్నాను.

మామ పేరున చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడిక అయిన తర్వాతి శనివారం, సాయంత్రం ఆట ఉందని తెలిసీ నేను టీవీ పెట్టలేదు. పెడితే ఎవరితో మాట్లాడను? అంతలో అత్త ఫోన్ చేసింది. "ఈ పొద్దు మనోళ్లది ఆట ఉండాదా? ఉంటే వచ్చి పెట్టు అబ్బయా. ఇంట్లో ఏ చప్పుడూ లేకుండా ఉండాది."

వెళ్లి పెట్టాను. అత్తకు శుక్లాలు. తెర మీద ఎవరు ఎవరో ఆనదు. ఇన్నేళ్లూ వంటింట్లోంచి తిట్టడమే తప్ప ఆమె ఒక్క ఆటా చూసింది లేదు. ఇప్పుడు నా పక్కన, చేతులు ఒళ్లో పెట్టుకుని, చర్చిలో కూర్చున్నంత శ్రద్ధగా కూర్చుంది.

ఆట సగం కాకముందే అవతలి జట్టు గోల్ కొట్టింది. టీవీలో జనం అరుపులకు అత్త ఉలిక్కిపడి నా వైపు తిరిగింది.

"మనోళ్లేనా కొట్టింది?"

"మనోళ్లే అత్తా," అన్నాను.

ఆమె మొహం విప్పారింది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ తెర వైపు తిరిగింది. అక్కడ ఎర్ర చొక్కాల వాళ్లు తలలు వంచుకుని, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, మైదానం నడిమికి నడిచి వస్తున్నారు.