దారి అడగని మా అత్త

మా అత్త పోయిన సోమవారం పొద్దున్న చనిపోయింది. కబురు వచ్చేటప్పటికి నేను పోర్టు గేటు ముందు లారీల వరసలో ఉన్నాను. వెనక ట్రైలర్ మీద ఇనుప కాయిల్, ముందు ఇంకా చాలా బండ్లు. మా ఆయన ఫోన్ చేసి "అమ్మ లేదే" అన్నాడు. నేను లోడు దించే వచ్చాను. బండి వరసలో వదిలేసి ఏడుస్తూ పరిగెత్తుకొస్తే అత్త లేచి కూర్చుని మరీ తిట్టేది. ఆ తిట్ల రుచి తెలిసినదాన్ని గనక కాయిల్ దించి, కట్టుగొలుసులు తీసి లోపల పడేసి, ఖాళీ బండితో కూర్మన్నపాలెం దాకా ఏడుస్తూనే నడిపాను.

పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆవిడ గురించి చాలా మంచి మాటలు చెప్పారు. శాంతమూర్తి అన్నారు. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగదన్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. మా అత్త శాంతమూర్తి కాదు. వీధిలో సగం మందితో పోట్లాడింది, మిగతా సగంతో పోట్లాడటానికి తీరిక దొరకలేదు. ఆవిడ పోట్లాడబట్టే నేను లారీ డ్రైవర్నయ్యాను. పోయినవాళ్ళని మెత్తటివాళ్ళని చేసేసి, వాళ్ళ కోపాన్ని కూడా వాళ్ళతోపాటు తగలెయ్యడం మనకో అలవాటు. అత్త కోపాన్ని తగలెయ్యడం నాకిష్టం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా మావ నేను కాపరానికి రాకముందే పోయాడు. కొడుకు చేతికి అందేదాకా అత్తే పొలం చేసింది. చెరకు నరికించి, బండి కట్టుకుని, తనే తోలుకుంటూ ఫ్యాక్టరీకి తీసుకెళ్ళేది. తరవాత ఆ పొలం స్టీలు ప్లాంటులో కలిసిపోయింది, వీళ్ళు కూర్మన్నపాలెం పక్కన భూములు పోయినవాళ్ళ కాలనీకి వచ్చిపడ్డారు. ఎద్దుల్ని అమ్మేసింది గానీ బండిని అమ్మనివ్వలేదు. అది మా ఇంటి పక్క సందులో కాడి నేలకి ఆన్చుకుని ఉండేది. దాని మీద బట్టలు ఆరేసేవాళ్ళం.

అత్త చుట్ట కాల్చేది. మా వైపు పెద్ద ఆడవాళ్ళందరిలాగే అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. చుట్ట నోట్లో ఉన్నంతసేపు ఎవరికీ భయం లేదు. చుట్ట తీసి అరుగు అంచుకి నులిమిందంటే ఎవరికో మూడిందని వీధంతటికీ తెలిసేది.

నా పెళ్ళయిన కొత్తలో, తొంభైల నడిమిలో, ప్లాంటు నుంచి పోర్టుకి ఇనుము మోసే ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీకి డ్రైవర్లు చాలలేదు. మా కాలనీలో ఇంటికొకరిని తీసుకుని తమ ఖర్చుతోనే డ్రైవింగ్ నేర్పిస్తామని చెప్పారు. తిండి, లైసెన్సు అన్నీ కంపెనీయే చూసుకుంటుంది, నేర్చుకున్నాక కొన్నేళ్ళు వాళ్ళ దగ్గరే పనిచెయ్యాలి. అప్పటిదాకా లారీ నేర్చుకోవాలంటే క్లీనర్‌గా చేరి, డ్రైవర్ చేత తన్నులు తిని, ఆయన బుద్ధి పుట్టి ఇచ్చినప్పుడు స్టీరింగ్ పట్టుకోవడం తప్ప వేరే దారి లేదు. అత్త ఆ మాట వినగానే కొడుకుని తీసుకుని కంపెనీ యార్డుకి బయల్దేరింది. టిఫిన్ క్యారేజీ పట్టుకుని నేను వెనకాల నడిచాను.

అక్కడ ముందు కంటి పరీక్ష. గోడకి తగిలించిన అట్ట మీద పై రెండు వరసలు చదివి మా ఆయన ఆగిపోయాడు. కింద అక్షరాలున్నాయన్న సంగతే ఆయనకి తెలియలేదు. పనికిరాడని చెప్పేశారు. అత్త కదల్లేదు. చుట్ట తీసి చెప్పు కింద నులిమింది.

"ఇంటికొకరన్నారు కద బాబూ. ఇంటికో మగోడు అన్నేదు కద. ఇదిగో మా కోడలు. దీని కళ్ళు సూడండి."

గదిలో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అత్త వేళాకోళం ఆడుతోందనుకున్నాను. ఆవిడ నా చేతిలో క్యారేజీ లాక్కుని వీపు మీద ఒకటి చరిచి కుర్చీ వైపు తోసింది. ఎనిమిదో క్లాసు దాకా చదివినదాన్ని, కింది వరస దాకా గడగడా చదివేశాను. మేనేజరు తల గోక్కుని సరే రమ్మన్నాడు. ఎలాగూ నాలుగు రోజుల్లో మానేస్తుందనుకున్నానని చాలా ఏళ్ళకి ఆయనే నాతో చెప్పాడు.

ఇంటి దగ్గర అసలు గొడవ మొదలైంది. మా మావకి అన్న ఒకాయన ఉన్నాడు, మేం పెదమావ అంటాం. వాళ్ళింటి చోటు పెద్ద కొడుక్కి వచ్చేసింది, రెండోవాణ్ణి మా చోటులో పెట్టాలని చూశాడు. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, "ఆడది లారీ తోల్తే మన కుటుంబానికి తలెత్తుకునే సోటుంటాదేటి?" అన్నాడు.

"నాను సెరుకు బండి తోలినప్పుడూ ఇదే మాటన్నావు బావా. తల బాగానే ఎత్తుకు తిరుగుతన్నావు కద" అంది అత్త.

ఆయన ఊరుకోలేదు. మేనేజరు దగ్గరికి వెళ్ళి మాట తీసుకున్నాడు. చివరి పరీక్షలో నేను తప్పితే మా ఇంటి తరఫున చోటు ఆయన కొడుక్కి. ఆ రోజు నుంచి నేను ఎక్కడ పొరపాటు చేస్తానా అని ఒక కుటుంబం కాచుకుని కూర్చుంది.

చిన్న బండి లైసెన్సు తొందరగానే వచ్చింది. రూలు ప్రకారం ఏడాది ఆగి పెద్ద బండి ఎక్కాను. నేర్పే ఆయన్ని అందరం మేస్త్రి అనేవాళ్ళం. మంచివాడే, కానీ బండిలో కూర్చుంటే నోరు ఊరుకునేది కాదు. ముందుకి నడపడం నాకు వచ్చేసింది. ట్రైలర్‌ని వెనక్కి పెట్టడం మాత్రం రాలేదు. తోక ఎడమకి వెళ్ళాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. తల ఒప్పుకున్నా చెయ్యి ఒప్పుకునేది కాదు. అటూ ఇటూ నిలబెట్టిన ఖాళీ డ్రమ్ముల మధ్యకి బండిని వెనక్కి పెట్టడమే చివరి పరీక్ష. నేను రోజూ డ్రమ్ములు పడగొట్టేదాన్ని. ఆ చప్పుడికి మిగతా డ్రైవర్లు టీ గ్లాసులతో సహా వచ్చి నిలబడేవారు.

పరీక్ష దగ్గరపడ్డాక ఒక సాయంత్రం ఇంటికొచ్చి కూలబడ్డాను. "నా వల్ల కాదత్తా. పెదమావ కొడుకునే ఎల్లమను" అన్నాను.

అత్త అన్నం పెట్టింది. తిన్నాక రెక్క పట్టుకుని సందులోకి తీసుకెళ్ళి, ఎద్దుబండి మీది బట్టలన్నీ తీసి నా భుజం మీద పడేసింది.

"కాడి ఎత్తి పట్టుకో. ఇయాల ఎద్దువి నువ్వే."

బండిని వీధిలోకి లాగాం. ఆవిడ వెనక నిలబడి చీపురుతో చూపిస్తోంది, నేను కాడి పట్టుకుని వెనక్కి నెడుతున్నాను. తోకని ఎడమకి పంపమంది. నేను కాడి ఎడమకి లాగాను, తోక వెళ్ళి ఎదురింటి దడిలో దూరింది. మళ్ళీ చెయ్యమంది. ఈసారి కాడి కుడికి తోస్తే తోక బుద్ధిగా ఎడమకి వెళ్ళింది. మళ్ళీ, మళ్ళీ. చీకటి పడేదాకా ఇద్దరం వీధిలో బండిని వెనక్కి నెడుతూనే ఉన్నాం. అరుగుల మీద జనం పగలబడి నవ్వుతున్నారు. పెదమావ అటుగా వచ్చి, "కోడల్ని ఎద్దుని సేసీసినావేటి?" అన్నాడు.

"ఎద్దయినా నేర్సుకుంతాది బావా. పక్కన నిలబడి ఊసులాడీవోలకే ఏటీ రాదు. కాలు తియ్యి, సక్రం ఎక్కీగల్దు."

అలా కొన్నాళ్ళు సాగింది. నా అరచేతులు కాయలు కాశాయి, ఎదురింటివాళ్ళు దడి రెండుసార్లు కట్టుకున్నారు. చెయ్యి మాత్రం ఒప్పుకుంది. పరీక్ష రోజున మేస్త్రి, మేనేజరు, టీ గ్లాసులతో డ్రైవర్లు, గేటు దగ్గర పెదమావ అందరూ చూస్తుండగా ట్రైలర్ డ్రమ్ముల మధ్యకి వెళ్ళి నిలబడింది. ఒక్క డ్రమ్మూ కదల్లేదు. మేస్త్రి చెయ్యిచ్చి దింపి, "ఎక్కడ నేర్సుకున్నావే ఇది?" అన్నాడు. "మా వీదిలో" అన్నాను.

తొలి లోడు రోజున ఇంకో పేచీ. కొత్త డ్రైవర్ బండి ఎక్కేముందు లారీకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం యార్డు ఆచారం. బొట్టు ముత్తయిదువ చేత పెట్టించాలన్నారు. పెదమావ భార్యని పిలిస్తే తలనొప్పని రాలేదు. అత్త కుంకుమ గిన్నె అందుకుంది. మొగుడు పోయిన ఆడదానివి, నువ్వు పెట్టకూడదని ఒక ముసలి డ్రైవరు నసిగాడు.

"ఈ సేతుల్తో పెంచినోడు బతికే ఉన్నాడు కద. ఈ సేత్తో బొట్టెడితే లారీకేటయిపోద్ది?" అంటూ బంపరు నిండా పెట్టేసింది. కాయ కూడా తనే కొట్టింది. ఆ బండి నా చేతిలో ఉన్నన్నాళ్ళూ దానికి గీత కూడా పడలేదు. ఆచారాలు తెలిసినవాళ్ళు దీనికేమంటారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

రోడ్డు మీద మొదట్లో నేను పిరికిదాన్ని. కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఆటోలు, బస్సులు దారిస్తాయేమోనని ఎదురుచూస్తూ ఉండిపోయేదాన్ని. క్యాబిన్‌లో ఆడది కనిపిస్తే కావాలని అడ్డం పెట్టేవాళ్ళూ ఉండేవారు. ఇంటికొచ్చి చెప్పుకుంటే అత్త చుట్ట తీసింది.

"సెరుకు బండేసుకుని నానెల్తే మగోలు బళ్ళు అడ్డమెట్టీవోరు. బాబూ దారియ్యండి అని అడిగినన్నాళ్ళూ ఒక్కడూ ఇయ్యనేదు. ఎద్దుల మెడలకి పెద్ద గంటలు కట్టీసి తిన్నగా ఎల్లిపోనాను. ఆలే తప్పుకున్నారు. ఆగాల్సిన కాడ ఆగు, ఎవుల్నీ గుద్దీకు. గానీ దారిమ్మని అడక్కు. హారనుంది కద, కొట్టు."

మా ఇల్లు పెద్ద రోడ్డుకి దగ్గర. లోడుతో ఇంటి మలుపు దాటేటప్పుడల్లా రెండుసార్లు హారన్ కొట్టడం నాకు అలవాటైంది. అత్త అరుగు మీద బియ్యం చెరుగుతూ ఉంటే చేతిలో చాట పైకెత్తి చూపించేది. నిజానికి అన్ని లారీల హారన్లూ ఆవిడకి ఒక్కటే. "పొద్దుట్నుంచీ ఎన్ని మార్లు తిరిగినావే గుంటా, సేతులు పడిపోయాయి ఎత్తలేక" అనేది. నేను వెళ్ళింది ఒక్కసారే అయ్యుండేది. ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. దారినపోయే డ్రైవర్లందరికీ మా అత్త చాట చూపిస్తే నష్టమేముంది?

ఒకసారి పేపరువాళ్ళు నా ఫొటో కోసం వచ్చారు. అత్త వాళ్ళకి మజ్జిగిచ్చి, "ఆడది లారీ తోల్తందని రాయకండి బాబూ. లారీ బాగా తోల్తందని రాయండి" అంది. వాళ్ళు తలూపి వెళ్ళి, ఆడది లారీ తోలుతోందనే రాశారు. అత్త ఆ కాగితంలో పకోడీలు కట్టి నాకు క్యారేజీలో పెట్టింది.

సోమవారం సాయంత్రానికి అత్తని తీసుకెళ్ళాలి. మా కాలనీకి శ్మశానం దూరం, బండి కావాలి. కంపెనీ చిన్న లారీ ఒకటి కడిగించి పంపింది. తెచ్చినాయన మేస్త్రి, ఇప్పుడు బాగా ముసలివాడు. దిగి, తాళం నా చేతిలో పెట్టి పక్కకి వెళ్ళిపోయాడు. అత్తని ఎక్కించారు. నేను క్యాబిన్ తలుపు తీశాను.

పెదమావ బండి ముందుకొచ్చి నిలబడ్డాడు. వెనకే మరో పదిమంది మగవాళ్ళు. "ఆడోలు కాటికి రాకూడదమ్మా. ఇన్నాల్లూ నీ ఇష్టం నడిసింది. ఇయాల మాత్రం దిగు. తాలం మావోడికియ్యి" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

నేను మా ఆయన వైపు చూశాను. ఏ గొడవలోనూ నోరు విప్పని మనిషి. చేతిలో నిప్పుకుండ పట్టుకుని, తల దించుకుని, నడుచుకుంటూ వచ్చి క్యాబిన్‌లో నా పక్కన కూర్చున్నాడు. "బండి పోనీయే" అన్నాడు.

ఎవరినీ దారిమ్మని అడగలేదు. బండి స్టార్ట్ చేసి, మలుపు దగ్గర కొట్టినట్టే రెండుసార్లు హారన్ కొట్టాను. మగవాళ్ళు ఒక్కొక్కరే పక్కకి జరిగారు. పెదమావ అందరికంటే ఆఖర్న, భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ తప్పుకున్నాడు. బండి కదిలాక అద్దంలో చూశాను. మా అరుగు మీద ఎదురింటి ముసలమ్మ నిలబడి ఉంది, ఆ దడి రెండుసార్లు కట్టుకున్నావిడ. హారన్ వినగానే లేచినట్టుంది. ఆవిడ మా అత్త చాటని రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది, నేను మలుపు తిరిగేదాకా దించలేదు.