సాక్ష్యంలో లేని పేరు

చిన్న మంగళారం ఊరి చర్చిలో ఆదివారం అబ్రహాము సాక్ష్యం చెప్పడానికి లేచాడంటే, అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న ముసలివాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవారు. ఆయనకు మైకు అక్కర్లేదు, కంచుకంఠం. ‘ఎందుకూ పనికిరాని నన్ను, ఏ అర్హతా లేని నన్ను’ అని మొదలుపెట్టి, ఆ వారం ఇంట్లో జరిగిన ప్రతి మంచినీ దేవునికే అప్పజెప్పి కూర్చునేవాడు. పాము పక్కనుంచి పోయినా దేవుడే, బర్రె సుఖంగా ఈనినా దేవుడే. తన పేరు తాను చెప్పుకోవడం ఆయనకు చేతకాదు. ఇంట్లోవాళ్ల పేరు చెప్పడం అంతకన్నా చేతకాదు. కూతురికి మాటలొచ్చిన నాటి నుంచి అదే నేర్పాడు. ‘నేను’ అనే మాట నోట్లోంచి వస్తే చాలు, మనమెంతటోళ్లం బిడ్డా అని ఆపేసేవాడు.

ఆ కూతురు షారోన్. చెప్పిన మాట వినే పిల్ల. ఆ ఒక్క మాటా వినకపోయి ఉంటే ఎంత బాగుండేదో.

షారోన్ ఇంటర్ దాకా చదివి, ఊరికి ఆనుకుని ఉన్న పాలీహౌస్‌లో పనికి కుదిరింది. అందులో, ప్లాస్టిక్ కప్పు కింద, పెళ్లి అలంకరణలకు వాడే జర్బెరా పూలు వేసేవారు. మొదట్లో పూలు కోసేది, తర్వాత ప్యాకింగ్ షెడ్డు మొత్తం ఆమె చేతి మీదికి వచ్చింది. కోసిన ప్రతి పువ్వుకూ పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేయాలి, కాడలు సరిచూసి కట్టలు కట్టాలి, పట్నం మార్కెట్ బండి వచ్చే వేళకు అన్నీ సిద్ధంగా ఉండాలి. ఎవరికి ఏ పని అప్పగిస్తే నడుస్తుందో, ఎవరికి ఎవరంటే గిట్టదో ఆమెకు బాగా తెలుసు. కరోనా ఏడాది పెళ్లిళ్లు ఆగిపోయి పూలు గుట్టలు గుట్టలుగా పారబోస్తుంటే, పట్నంలో ఉన్న యజమానికి ఫోన్ల మీద ఫోన్లు చేసి ఒప్పించి ఆ మళ్లలో కీరదోస పెట్టించింది షారోనే. మొయినాబాద్ రోడ్డు పక్కన గంపలు పెట్టించి అమ్మించిందీ షారోనే. షెడ్డులో పనిచేసే ఆడవాళ్లలో ఒక్కరికి కూడా పని పోలేదు. ఒక ఆదివారం అబ్రహాము లేచి, ఎండిన చోట పచ్చదనం పుట్టించిన దేవునికి స్తోత్రం చెప్పాడు. షారోన్ తలమీద చున్నీ సర్దుకుని, అందరితో పాటు ఆమెన్ అంది.

తర్వాత భూముల ధరలు కొండెక్కాయి. యజమాని పాలీహౌస్ పీకించి, ఆ నేలను ఫామ్‌హౌస్ ప్లాట్లు చేసి అమ్మేశాడు. షెడ్డు ఉన్న చోట ఇప్పుడు ఎవరిదో ఈతకొలను. పని పోయిన ఆడవాళ్లు తలో దిక్కుకు పోయారు. షారోన్‌తో పాటు షెడ్డులో పనిచేసిన పక్కింటి ఆశా, చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌కు లైన్ ఇన్‌చార్జి కావాలంటున్నారని విని వచ్చి చెప్పింది. నీకోసమే చేసి పెట్టినట్టున్నది ఆ పని అంది. షారోన్‌కూ అలాగే అనిపించింది. ఫామ్‌హౌస్‌లో గడ్డి కోసే తండ్రి పక్కనే తనూ గడ్డి కోస్తూ బతుకంతా గడపడం ఆమెకు ఇష్టం లేదు. తనకు వచ్చిన పనే మళ్లీ తన చేతికి రావాలని కోరుకుంది. కోరుకున్నట్టు తండ్రికి కూడా చెప్పలేదు.

చేవెళ్ల దాకా బస్సులో వెళ్లి, అక్కణ్నుంచి ఆటో పట్టుకుని ఫ్యాక్టరీకి చేరింది. లోపల ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరు ఉద్యోగాలు ఇచ్చే విభాగం చూసే గీతాంజలి మేడమ్, రెండో ఆయన మేనేజరు. మీ గురించి చెప్పండి అన్నారు. షారోన్‌కు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తన గురించి నలుగురి ముందు చెప్పే పద్ధతి ఒక్కటే తెలుసు. లేచి నిలబడింది. చున్నీ తలమీదికి లాక్కుంది.

“నాదేం లేదు మేడమ్. ఏ అర్హతా లేని దాన్ని,” అని మొదలుపెట్టింది.

మేనేజరు తల ఎత్తి చూశాడు. ఆమె ఆగలేదు. షెడ్డు ఎలా నడిచిందంటే దేవుడు నడిపించాడు, ఆడవాళ్లు మంచివాళ్లు కాబట్టి పని చేశారు అంది. కరోనా ఏడాది ఎలా నెట్టుకొచ్చారని అడిగితే, కీరదోస పెట్టినం, అంతా యజమాని దయ అంది. మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి అని అడిగితే, మీ మనసుకు ఎట్ల అనిపిస్తే అట్ల చేయండి సార్ అంది. బయటికి వచ్చాక చాలా బాగా చెప్పానని అనుకుంది పాపం. గొంతు వణకలేదు, ఒక్క గొప్ప మాట కూడా నోట రాలేదు. సంఘంలో అయితే అందరూ మెచ్చుకునేవారు.

ఉద్యోగం రాలేదు. వేరే ఎవరినో తీసుకున్నారని ఫోన్ వచ్చింది. సరే మేడమ్ అని పెట్టేయబోయి, ఏ ధైర్యం వచ్చిందో ఏమో, నా తప్పేందో జర చెప్తరా అని అడిగింది.

“షారోన్, మీరు చెప్పినదాంట్లో మీరు ఎక్కడా లేరు,” అంది గీతాంజలి. “పూల తోట నిలబెట్టింది యజమాని. పని చేసింది ఆడవాళ్లు. నడిపించింది దేవుడు. మరి మేం ఉద్యోగం ఎవరికివ్వాలి?”

కొత్త లైను మొదలైనప్పుడు మళ్లీ పిలుస్తామని, ఈసారి మీరు చేసింది మీరే చేశానని చెప్పమని కూడా అంది. ఆ మాటల్లో ఎగతాళి లేదు. ఉండి ఉంటే కోపం తెచ్చుకుని మరిచిపోయేది షారోన్. లేదు కాబట్టే అది లోపలికి దిగింది. ఫోన్ పట్టుకుని వాకిట్లో అలాగే కూర్చుంది. ఉద్యోగం రాలేదన్న దుఃఖం కన్నా, ఇన్నేళ్ల తన బతుకులో తను ఎక్కడా లేదన్న దుఃఖం పెద్దదైపోయింది.

పని నుంచి వచ్చిన అబ్రహాము విషయం విని, దేవుని చిత్తం అన్నాడు. ఆమె ఆ పూట ఆయనకు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

మర్నాటి నుంచి వాకిలి ఊడుస్తూ, అంట్లు తోముతూ తనలో తనే చెప్పుకోవడం మొదలుపెట్టింది. ‘షెడ్డు నేను నడిపించిన.’ అనుకున్నంత సులువు కాలేదు. నాలుక దానంతటదే ‘నడిపించినం’ అనేది. మళ్లీ మొదటికి వచ్చేది. అబ్రహాముకు అది వినపడుతూనే ఉంది. కొన్నాళ్లు ముఖం ముడుచుకుని తిరిగాడు. నా ఇంట్లో ఇదేం గర్వం అనుకున్నాడో, నేను నేర్పిందే బిడ్డకు అడ్డుపడ్డదా అనుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. ఒక సాయంత్రం మాత్రం చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని, ప్లాస్టిక్ కుర్చీ వాకిట్లో వేసుకుని కూర్చున్నాడు. నన్ను సారు అనుకొని చెప్పమన్నాడు.

షారోన్‌కు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. ఆమె చేతులు కట్టుకుని నిలబడి షెడ్డు సంగతి, కీరదోస సంగతి చెప్పింది. తడబడితే ఆయనే ‘నేను’ అని అందించాడు. ఆ మాట ఆయన నోట వినడం వింతగా ఉంది. అంతా అయ్యాక, సార్లు ఇంకేం అడుగుతారో తెలియక, “ఇంకేం చేసినవ్?” అన్నాడు.

అప్పటికి ఆమె నాలుక దారిన పడింది. ఆపుకోలేకపోయింది.

“అవ్వ మంచం పట్టినప్పుడు నేనే చూసుకున్న. నేనే లేపి కూసోపెట్టిన, నేనే కడిగిన, నేనే తినిపిచ్చిన. నువ్వు ప్రార్థనకు పోతుంటివి బాపు. ఆఖరి దినం నీకోసం అడిగింది. వస్తున్నడు అవ్వా, తొవ్వల ఉన్నడు అని అబద్ధం చెప్పిన. అది గూడ నేనే చెప్పిన.”

అది నేరం మోపినట్టు అనలేదామె. చేసిన పనులు వరసగా చెప్పుకుపోయింది, అంతే. షారోన్ తల్లి సాలమ్మ జబ్బు పడినన్నాళ్లూ అబ్రహాము ఆ మంచం వైపు చూడలేక చర్చిలో మోకాళ్ల మీద ఉండేవాడు. అది భక్తి అని ఊరంతా అనుకుంది. ఆయన కూడా అలాగే అనుకున్నాడు. భార్యను సమాధి చేసిన తర్వాతి ఆదివారం లేచి, నా భార్యను ఆఖరిదాకా దేవుడే చూసుకున్నాడని గొంతెత్తి చెప్పాడు. ఆ రోజు షారోన్ ఆడవాళ్ల వరసలో కూర్చుని విన్నది. ఆమెన్ అన్నది.

ఆయన కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు.

“దేవుడు నిన్నిచ్చిండు, గది నిజమే. గని నీ పేరు చెప్పకుంటే, ఆయన ఇచ్చింది నేను దాచిపెట్టినట్టే గద బిడ్డా. ఈ ఆదివారం చెప్త. నీ పేరు వెట్టి చెప్త.”

వద్దులే బాపు అంది షారోన్. వద్దని అన్నదే గానీ, వినాలని ఎంత ఉందో ఆమెకే తెలుసు. లోపలికి వెళ్లి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషం కూడా ఉంది.

ఆదివారం రాకముందే, ఫామ్‌హౌస్‌లో గడ్డి కోస్తూ కోస్తూ అబ్రహాము పక్కకు ఒరిగిపోయాడు. చేవెళ్ల దవాఖానకు తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. చర్చి గోడలు అదిరేలా మాట్లాడిన మనిషి నోట్లోంచి ఊ, ఆ తప్ప రావడం లేదు. ఇంతకాలం అక్కర్లేని మాటలెన్నో పలికిన గొంతు, తీరా అవసరమైన ఆ ఒక్క మాట ముందు మూగబోయింది. దేవుని మీద షారోన్‌కు కోపం వచ్చింది. ఆ కోపం కూడా ఎవరికీ చెప్పుకోలేదు.

మళ్లీ మంచం, మళ్లీ అదే చాకిరీ. మెల్లమెల్లగా ఆయన చప్పుళ్లు ఆమెకు అర్థం కావడం మొదలైంది. నీళ్లకు ఒక తీరు, పక్కకు తిప్పడానికి ఒక తీరు. వేరేవాళ్లకు అన్నీ ఒక్కలాగే వినపడేవి. చూడటానికి వచ్చిన పాస్టరు గానీ, ఆశా గానీ ఏమంటున్నాడని ఆమెనే అడిగేవారు.

కొత్త లైను మొదలైందని గీతాంజలి మాట తప్పకుండా ఫోన్ చేసింది. ఆశాను తండ్రి దగ్గర కూర్చోబెట్టి షారోన్ మళ్లీ చేవెళ్ల బస్సెక్కింది. అదే గది, అదే ఇద్దరు. ఈసారి లేవలేదు. చున్నీ భుజం మీదే ఉంది. ఎదురుగా తెల్లచొక్కా వేసుకుని ప్లాస్టిక్ కుర్చీలో తండ్రే కూర్చున్నాడనుకుని మొదలుపెట్టింది. షెడ్డు నేను నడిపించిన అంది. కీరదోస పెట్టించింది నేనే అంది. ఒక్కోసారి ‘నేను’ దగ్గర తడబడి మళ్లీ మొదలుపెట్టేది. ఇదివరకైతే అందించడానికి ఆయన ఉండేవాడు. ఈ మధ్య ఏం చేస్తున్నారని మేనేజరు అడిగాడు.

“మా బాపును చూసుకుంటున్న సార్. నేనే చూసుకుంటున్న,” అంది.

గీతాంజలి నీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపింది. డ్యూటీ వేళల్లో ఆయన్ను ఎవరు చూస్తారని మేనేజరు అడిగితే, ఆశాతో మాట్లాడుకున్న ఏర్పాటు చెప్పింది. ఆ వారంలోనే రమ్మని ఫోన్ వచ్చింది.

ఇంట్లో చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు? మంచం పక్కన కూర్చుని, ఉద్యోగం వచ్చింది బాపు అంది. అబ్రహాము కళ్ల నుంచి నీళ్లు కారాయి. ఎడమచెయ్యి లేపి గోడ వైపు చూపించాడు. అక్కడ వంకీకి తెల్లచొక్కా వేలాడుతోంది. అర్థం కానట్టు దుప్పటి సర్దింది షారోన్. ఆయన ఆ చెయ్యి దించలేదు.

ఆదివారం ఆశా సాయంతో ఆటోలో తీసుకెళ్లింది. ఎన్నో నెలల తర్వాత వచ్చిన మనిషిని చూసి అందరూ కళ్లొత్తుకున్నారు. సాక్ష్యాల వేళ పాస్టరు మైకు తెచ్చి అబ్రహాము నోటి దగ్గర పెట్టాడు. ఆ మనిషికి మైకు పెట్టడం అదే మొదటిసారి. ఆయన పెదవి ఒక పక్కకు లాగుకుపోయింది. మెడ నరాలు బిగిశాయి. గాలి వదిలినట్టు ఏదో చప్పుడు వచ్చింది. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అదే చప్పుడు. వెనక వరసల్లో ఎవరో స్తోత్రం అన్నారు. పాస్టరు మైకు షారోన్‌కు ఇచ్చి, నాన్నగారు ఏమంటున్నారో చెప్పమ్మా అన్నాడు.

ఆమెకు అర్థమైంది. ఆ చప్పుడు ఆమె పేరే.

దేవునికి వందనాలు చెప్తుండు అంటే అయిపోయేది. అందరూ దానికోసమే తలలు వంచుకుని ఉన్నారు. ఫ్యాక్టరీలో తన గురించి చెప్పుకోవడం ఒక ఎత్తు, ఇక్కడ చెప్పుకోవడం ఒక ఎత్తు. మాట రాని తండ్రిని అడ్డం పెట్టుకుని గొప్పలు చెప్పుకుంటున్నది అంటారు. కాదని చెప్పడానికి మరో సాక్షి లేడు. తండ్రి ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మూడోసారి ఆ చప్పుడు చేశాడు.

“నా పేరు చెప్తుండు,” అంది షారోన్. “షారోన్ అంటుండు. మా అవ్వను ఆఖరిదాకా చూసుకున్నది షారోన్ అని చెప్తుండు.”

ఎవరూ ఆమెన్ అనలేదు. ఒకరిద్దరు ఆడవాళ్లు ముఖాలు చూసుకున్నారు. అబ్రహాము మాత్రం అవునవునని తల ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు. ఆ మాట ఆయన కంచుకంఠంతో వినాలని ఉండింది ఆమెకు. తన గొంతుతోనే వినాల్సి వచ్చింది.