నీలం అట్ట రికార్డును ఉరికించిన చాచా

పోయిన శుక్రవారం పొద్దున ఫిట్టరన్న ఫోన్ చేశాడు. కాజీపేట లోకోషెడ్‌లో ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఫోన్‌లో షెడ్డులో ఉన్నట్టే అరుస్తాడు. ఆ రోజు మెల్లగా మాట్లాడేసరికే ఏదో జరిగిందని తెలిసిపోయింది. "చాచా పోయిండు చెల్లె. పొద్దుగాల చాయ్ తాగిండట. కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడట," అన్నాడు.

ఆయన మాకెవరికీ చుట్టం కాదు. హన్మకొండ చౌరస్తా దాటి కాస్త లోపలికి నడిస్తే వచ్చే సందులో టైలరు. సందు మొత్తం ఆయన్ని చాచా అని పిలిచేది, కాబట్టి నేనూ చాచా అన్నాను. ఆయన భార్య చాచీ అయింది. దుకాణం వెనకే ఇల్లు, మధ్యలో ఒక పరదా. పేరున్నవాడు కాదు, పేపర్లో ఫోటో పడినవాడు కాదు. అయినా ఆయన గురించి మీకు చెప్పకపోతే నాకు మనసాగదు. నాకు వినడం నేర్పింది ఆయన, నోరు తెరిచి నిజం చెప్పడం నేర్పిందీ ఆయనే.

డెబ్బైల చివర నేను టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటర్ని. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. అవతలివాళ్లు "హలో" అంటే చాలు, వయసు చెప్పేస్తానని తెగ గొప్పలు పోయేదాన్ని. ఒక ఆదివారం జాకెట్టు కొలతలివ్వడానికి వెళ్తే దుకాణంలోంచి ఇంగ్లీషు పాట వినిపించింది. గిటారు, మౌత్ ఆర్గన్, వెనకెక్కడో డ్రమ్ము. మిషన్ పక్కన స్టూలు మీద రికార్డు ప్లేయరు తిరుగుతోంది. ఏం పాట చాచా అని అడిగితే, ఏం పాటనో తర్వాత సంగతి, ఎట్లున్నదో చెప్పమన్నాడు. బాగుంది అన్నాను. చాచా కత్తెర కింద పెట్టాడు.

"బాగుంది అంటే ఏం తెలుస్తది బిడ్డా? నీ జాకెట్టు కుట్టిచ్చినంక బాగుందని పోతే నాకు ఫికరైతది. భుజం కాడ పట్టిందా, చేతి కాడ గుంజిందా, గది చెప్పాలె."

ఆ రోజు జాకెట్టు సంగతి ఇద్దరం మరిచిపోయాం.

ఆ ప్లేయరు ఆయనకు వచ్చిన తీరు చెప్పాలి. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఉండేవాడట. ఇంటిల్లిపాది కోట్లూ గౌన్లూ చాచానే కుట్టేవాడు. వాళ్లు దేశం విడిచి వెళ్తూ, మీరు కుట్టినవి మేం తీసుకుపోతున్నాం, ఇది మీరుంచుకోండి అని ప్లేయరునూ ఒక చెక్కపెట్టె నిండా రికార్డులనూ ఇచ్చి పోయారు. అన్నీ జానపదం కలిసిన రాక్ పాటల రికార్డులే. గజల్స్‌కూ మన పాటలకూ రేడియో ఉండనే ఉంది కాబట్టి, చాచా ఆ పెట్టెలోకి ఇంకో రికార్డు తేలేదు.

ఇంటికి చేరేసరికి దారిలో కుదుపులకు ప్లేయరు లోపలి రబ్బరు బెల్టు సాగిపోయింది. ప్లేటు తిరగదు, జారుతుంది. చాచా టైలరు కదా, ఆయన చేతిలో ఉన్న మందు దారమే. మోటారుకున్న చిన్న ఇత్తడి కప్పీ చుట్టూ నల్లదారం బిగించి చుట్టాడు. బెల్టుకు పట్టు దొరికింది, ప్లేటు జుమ్మని తిరిగింది. ఆ పనితనం చూసి మేమందరం మెచ్చుకున్నవాళ్లమే.

ఆదివారం మధ్యాహ్నాలు అట్లా మొదలయ్యాయి. తొర్రూరు నుంచి వచ్చి షెడ్డులో చేరిన ఫిట్టరన్న, హైస్కూల్లో పాఠం చెప్పే ఇంగ్లీషు సారు, నేను, చాచా. పరదా అవతల బియ్యం ఏరుకుంటూనో ఉల్లిగడ్డలు కోసుకుంటూనో చాచీ. రికార్డు ఒక పక్క అయ్యేదాకా మాట్లాడొద్దు. అయ్యాక ఒక్కొక్కరు అభిప్రాయం చెప్పాలి, బాగుందన్న మాట మాత్రం నిషిద్ధం. పాడినవాళ్ల పేర్లు మాకు నోరు తిరగవు, కాబట్టి అట్టల్ని బట్టి పేర్లు పెట్టుకున్నాం. పసుపు అట్ట, గుర్రం అట్ట, గడ్డపాయన. మేడారం జాతర ముందు కుట్టుపని మీద పడే రెండు మూడు వారాలు తప్ప ఎప్పుడూ నాగా లేదు.

చాచా తీర్పులన్నీ దుకాణం భాషలోనే వచ్చేవి. డ్రమ్ము ఎక్కువైన పాటకు "గుండీలు పెద్దగైనై, అంగి కనవడ్తలేదు" అనేవాడు. పల్లవి పదేపదే వచ్చే పాటకు, గుడ్డ మిగిలిందని కుచ్చులు పెట్టిండు అనేవాడు. ఆయనకు నచ్చిన పాటలన్నింటిలో ఒకటే గుణం, మార్జిన్. "లోపల జర గుడ్డ వదలాలె. రేపు మనిషి లావైతడు, బక్కగైతడు. పాట గూడ మనిషితోని పెరగాలె," అనేవాడు. నేను ఇప్పటికీ ఏ పాట విన్నా ముందు మార్జిన్ వెతుకుతాను.

గుర్రం అట్ట మీద ఇంగ్లీషు సారుకూ నాకూ పెద్ద యుద్ధమే జరిగింది. ఆయనకు అది ప్రాణం, నాకు అది వింటే ఆవులింతలు. రెండు వారాలు మాట్లాడుకోలేదు. చివరికి చాచా ఆ రికార్డుకు తీర్పు చెప్పాక ఇద్దరం రాజీపడ్డాం. ఆ తర్వాత ఎప్పుడూ అంతే, మొదట చాచా చెప్పేవాడు, తర్వాత మేం చెప్పేవాళ్లం. ఆయన చెప్పాక మా మాటలు ఎటు పోయేవో మీరు ఊహించుకోవచ్చు.

నీలం అట్ట మీద మాత్రం అసలు తగాదానే లేదు. అట్ట మీద చెక్కవంతెన, దాని మీద వెనక్కి తిరిగి నిలబడ్డ మనిషి. పాటలు గలగలా పరుగెత్తేవి. చాచా ఆ లయకు మిషన్ తొక్కుతూ కుట్టేవాడు. గొంతును బట్టి పద్దెనిమిది దాటని పిల్లవాడిదని ఎక్స్‌చేంజి అనుభవంతో నేను తేల్చేశాను. మొదటి పాట అర్థం చెప్పమంటే ఇంగ్లీషు సారు కళ్లు మూసుకుని విని, పిల్లవాడు పెళ్లికి పోతున్నాడన్నాడు. చాచా తొడకొట్టినంత పని చేసి, అందుకే గంత తొందర అన్నాడు. పరదా అవతలి నుంచి చాచీ ఒక్కతే వేరే మాటంది. "పెండ్లి గాదు, ఏం గాదు. ఆయన ఊపిరి తీస్కుంటలేడు. ఎవలో ఎనుకపడి తరుముతాండ్లు." అందరం నవ్వాం. నేను ఇంకాస్త గట్టిగానే నవ్వాను.

ఏడాదిన్నర అట్లాగే గడిచింది. కాజీపేట దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో చదివే మా పెద్దమ్మ కొడుకు, నాకు తమ్ముడు వరస, సెలవులకు ఇంటికొచ్చి, వాళ్ల హాస్టల్లో పాటలు వినే సంఘం పెట్టుకున్నారని చెప్పాడు. మంచి స్టీరియో ఉంది, వినేవాళ్లున్నారు, మాట్లాడేవాళ్లే లేరట. నేను ఊరుకోకుండా చాచా గురించి చెప్పాను. వాళ్లు ఆయన్ని పిలిచారు. చాచా తన కోసం కొత్త లాల్చీ కుట్టుకున్నాడు. నీలం అట్టను లైనింగు గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు. సారు, ఫిట్టరన్న, నేను వెంట వెళ్లాం. చాచీ రానంది.

హాల్లో యాభై మంది దాకా పిల్లలు. చాచా లేచి నిలబడి, బెరుకు లేకుండా, ఈ పాటగాడికి బండి దొరకలేదనీ, పెళ్లివారింటికి నడిచి పోతున్నాడనీ, తొందరలో కూడా కుట్టు ఎక్కడా వంకర పోలేదనీ చెప్పాడు. పిల్లలకు ఆయన మాట తెగ నచ్చింది. తమ్ముడు ముల్లు పెట్టాడు.

స్పీకర్లలోంచి నలభై ఏళ్ల మనిషి గొంతు వచ్చింది. బరువుగా, అలసిపోయి, ఒక్కో మాటా ఆగి ఆగి. తప్పు రికార్డు పెట్టారనుకుని నేను అట్ట వైపు చూశాను. అదే నీలం అట్ట. ఆ నెమ్మదిలో మాటలు నాకు కూడా తెలిసిపోతున్నాయి, ఇంగ్లీషు సారు తల దించుకున్నాడు. ఆ మనిషి అన్నను మట్టిలో పెట్టి ఇంటికి నడిచి వస్తున్నాడు. వెనక వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఫిట్టరన్న నుదురు కొట్టుకుని నా చెవిలో, "దారం చెల్లె. కప్పీ లావైతే ప్లేటు జోరుగ తిరుగుతది. ఇంజనైతే పట్టుకునేటోన్ని," అన్నాడు.

నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఆయన్ని అక్కడ నిలబెట్టింది నేను. చాచా మాత్రం కదల్లేదు, రికార్డు ఆ పక్క మొత్తం విన్నాడు. అయ్యాక తమ్ముడు ఏం చేయాలో తెలియక, ఎట్లుంది చాచా అని అడిగాడు.

చాచా లేచాడు. "ఇన్నొద్దులు ఈయనను నేనే ఉరికిచ్చిన బిడ్డా. పాపం, ఇయ్యాల కూసున్నడు," అని కూర్చున్నాడు.

నవ్విన పిల్లవాడితో సహా అందరూ లేచి నిలబడ్డారు. చాచా దాన్ని పట్టించుకున్నట్టు లేదు. తిరుగు బస్సు దిగి దుకాణం దాకా నడిచొచ్చి, ఈ ఆదివారం వద్దులే అన్నాడు. మూడు ఆదివారాలు అట్లాగే వద్దయింది. దుకాణం ముందు నుంచి పోతే ప్లేయరు మీద గుడ్డ కప్పి ఉండేది. మా ఆదివారాలు పోయాయనీ, వాటిని పోగొట్టింది నేనేననీ రోజూ అనుకునేదాన్ని.

చివరికి అవసరం లేని ఒక జాకెట్టు గుడ్డ కొనుక్కుని వెళ్లాను. చాచా బయటికి వెళ్లాడు, చాచీ ఉంది. ఆయనకు తల తీసేసినట్టయింది కదా అని నేను ఏడుపు మొహం పెట్టాను.

"పదిమందిల తప్పు వడ్డదని ఆయనకు బాధ లేదు," అంది చాచీ. "నేను మొదటి దినమే చెప్పిన. మీరెవ్వలు ఇనలే. ఆయన మొదలు చెప్తే మీరు తలకాయలు ఊపిండ్లు. ఇన్నొద్దులు నేనొక్కన్నే మాట్లాడిన్నా అని అడుగుతాండు. గదీ ఆయన బాధ."



నాలుగో ఆదివారం కబురొచ్చింది. వెళ్లేసరికి పరదా పక్కకు తోసి ఉంది. చాచీ ఇవతల, చాచా రోజూ కూర్చునే స్టూలు మీద కూర్చుంది. ప్లేయరు విప్పి బల్ల మీద పెట్టారు. దారం ఆమెనే తీయమన్నాడు చాచా. ఆమె కొస పట్టుకుని లాగుతుంటే అది వస్తూనే ఉంది. ఇంత దారంతో పిల్లగాని అంగి కుట్టొచ్చు అందామె. మూడు వారాల తర్వాత మొదటిసారి నవ్వాం. ఆ నవ్వులోనే సారు ఒప్పుకున్నాడు, ఆ జోరులో ఒక్క ముక్క అర్థం కాక పెళ్లిని తానే కల్పించానని. ఫిట్టరన్న సికింద్రాబాద్ నుంచి తెచ్చిన కొత్త బెల్టు ఎక్కించాడు. నీలం అట్ట మళ్లీ పెట్టాం, ఈసారి మా సందులో, మెల్లగా.

ముందు చాచీని చెప్పమన్నాడు. "ఇప్పుడు మంచిగ ఊపిరి తీస్కుంటాండు," అందామె. నా వంతు వచ్చింది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఇది గొప్పగా ఉంది కానీ నాకు ఆ పెళ్లికి పోయే పిల్లవాడే ఇష్టం అన్నాను, భయపడుతూనే. చాచా మొహం ఎట్లా వెలిగిందో మీకు చెప్పలేను. "గదీ. ఇయ్యాల మాట్లాడినవు బిడ్డా," అన్నాడు. ఆ తర్వాత ప్రతి రంజాన్ పండుగకూ, సేమ్యా తిన్నాక, నా ఒక్కదాని కోసం ఆయన మళ్లీ దారం చుట్టేవాడు. పండుగ పూట పెండ్లికి పోనిద్దాం అనేవాడు.

క్యాసెట్లు వచ్చి సందంతా మోగిన రోజుల్లోనూ, ఎనభైలు ముగిసేదాకా, మా ఆదివారాలు నడిచాయి. ఆ రోజు పెట్టుకున్న కొత్త నియమం మాత్రం మారలేదు, చాచా అందరికంటే ఆఖరున చెప్పాలి. గుర్రం అట్ట మీద సారుకూ నాకూ మళ్లీ తగాదా వచ్చింది, ఈసారి తీర్పు చెప్పేవాళ్లు లేక అది ఇప్పటికీ తెగలేదు. ఫిట్టరన్నకు ఏ పాటా నచ్చదన్న సంగతి అప్పుడే బయటపడింది. అన్నేళ్లూ చాయ్ కోసం, మా కోసం వచ్చాడట.

శుక్రవారం సాయంత్రం మట్టి ఇచ్చి వచ్చాక మగవాళ్లు బయట నిలబడ్డారు. నేను లోపలికి వెళ్లి చాచీ పక్కన కూర్చున్నాను. ఆమె చాలాసేపు నా చెయ్యి పట్టుకుని, తర్వాత ఒక్కటే అడిగింది. "ఇగ ఆఖరు మాట ఎవలు చెప్తరు?"

నాకు తెలిసిందల్లా, ఆఖరున మాట్లాడటం ఆయనకు ఎంత కష్టంగా ఉండేదో. పాట అయీ కాకముందే పెదవులు కదిలేవి. అందుకని రికార్డు మొదలుకాగానే మూడు గుండుసూదులు తీసి పెదవుల మధ్య పెట్టుకునేవాడు. మేమందరం చెప్పడం అయ్యాక ఒక్కొక్కటే తీసి లాల్చీకి గుచ్చుకుని, అప్పుడు నోరు తెరిచేవాడు. నా కళ్లకు ఆయన ఇప్పుడూ అట్లాగే కూర్చుని ఉన్నాడు. పెదవుల మధ్య మూడు సూదులు, కళ్లలో ఆపుకుంటున్న నవ్వు. మా నలుగురిలో ఎవరమో ఇంకా చెప్పడం పూర్తి చేయలేదు.